ఇటలీ దొరసాని, మా అమ్మ తిట్లు

ఆమె గురించి సభల్లో చెప్పే కథ ఒకటుంది. తెలుగు అచ్చం ఇటాలియన్ భాషలా తియ్యగా ఉంటుందని ఎప్పుడో ఎవరో తెల్లదొర అన్నాడట. ఆ తీపి ఇటలీలో ఒక రచయిత్రి చెవిన పడిందట. దానికి ఆమె కరిగిపోయి, రాయలసీమ దాకా వెతుక్కుంటూ వచ్చి, నా చిన్న నవలను తన భాషలోకి మార్చిందట. పోయిన నెల కడపలో ఒక పెద్దమనిషి మైకు పట్టుకుని, కళ్ళు మూసుకుని మరీ ఈ కథ చెప్పాడు. ముందు వరసలో ఉన్న నన్ను చూపించి "అదృష్టమంటే ఈమెదే" అని కూడా అన్నాడు. నేను లేచి నిలబడ్డాను. శాలువా కప్పకముందే లేచి నిలబడే ఆడవాళ్ళంటే మన సభల్లో కొంచెం భయం.

తీపీ లేదు, అదృష్టమూ లేదు. ఆమె చెవిన పడిన మొదటి తెలుగు మాట తిట్టు.

ఇటలీ దక్షిణాన, వానలు సరిగ్గా పడని ఒక కొండ ఊరిలో పుట్టింది ఆమె. తల్లి ఇతరుల గోధుమ చేలల్లో కూలి చేసేది. పిల్లకు చదువు బాగా వస్తోందని పట్నం బడికి పంపారు. అక్కడ పంతులమ్మలు మొట్టమొదట నేర్పిన పాఠం, ఆమె ఇంట్లో మాట్లాడేది భాషే కాదని. ఆమె నేర్చుకుంది. మంచి పిల్ల కదా. పెద్దయ్యాక రెండు నవలలు రాసింది. "ఇస్త్రీ చేసిన భాషలో రాశాను" అని తనే నాతో అంది. విమర్శకులు మెచ్చుకున్నారు, ఎవరూ కొనలేదు. బతుకు తెరువుకు ఇంగ్లీషు నుంచీ ఫ్రెంచి నుంచీ అనువాదాలు చేసింది: డిటెక్టివు నవలలు, వంటల పుస్తకాలు, మందుల కంపెనీల కరపత్రాలు. పెళ్ళి ఎందుకు చేసుకోలేదని మా వీధిలో అడిగిన వాళ్ళందరికీ "తీరిక దొరకలేదు" అని ఒకే జవాబు చెప్పేది.

తల్లి మంచాన పడ్డాక, చూసుకోవడానికి ఒక నర్సు కుదిరింది. ఆ నర్సుది కోడుమూరు పక్క పల్లె. మా ఊరికి దగ్గరే. చర్చి బడిలో చదువుకుని, నర్సింగు చేసి, అంత దూరం వెళ్ళింది. సాయంత్రం కాగానే ఊర్లో ఉన్న తమ్ముడికి ఫోను చేసి చెడామడా తిట్టేది. చేనెందుకు బీడు పెట్టినావు, అమ్మకు కళ్ళద్దాలెందుకు తేలేదు అని. కన్నకూతురిని కూడా గుర్తుపట్టడం మానేసిన ఆ ముసలి తల్లి, ఈ తిట్లు వినబడగానే దిండు మీద తల తిప్పి నవ్వేదట.

"మా అమ్మ దేనికి నవ్వుతోందో తెలుసుకోవాలని తెలుగు నేర్చుకున్నాను" అని చెప్పింది నాతో. ఇదీ అసలు కథ. మాధుర్యమట, మాధుర్యం!

తల్లి పోయింది కానీ తెలుగు పోలేదు. నర్సు దగ్గర మాట, పుస్తకాల్లో వ్యాకరణం, ఏళ్ళ తరబడి. చివరికి ఆ నర్సే నా నవల తెప్పించి ఇచ్చింది. అందులో ఉన్నది మా అమ్మ. మెట్టచేలో గొర్రు వెనక నడుస్తూ విత్తనం వేసే మనిషి, నోరు గల మనిషి. ఆమె దాన్నంతా ఇటాలియన్‌లోకి మార్చుకుని, చిత్తుప్రతి సంచిలో పెట్టుకుని కర్నూలుకు వచ్చింది. మా మేడ మీద గదిలో దిగింది.

నాకు ఇటాలియన్ రాదు. అందుకని ఆమె ఒక పద్ధతి పెట్టింది. తాను రాసిన ప్రతి పేజీనీ మళ్ళీ తెలుగులో నాకు చెప్పాలి, నేను వినాలి. పొద్దున ఉగ్గాని, బజ్జీ తిన్నాక మొదలుపెట్టేవాళ్ళం. వర్ణనలు బాగున్నాయి. ఎండ బాగుంది. ఎర్రమట్టి నా పుస్తకంలోకన్నా బాగుంది, ఒప్పుకున్నాను. తర్వాత మా అమ్మ నోరు తెరిచే పేజీ వచ్చింది.

"ఓ దురదృష్టవంతుడా, నీ ఎద్దులు కొంచెం నెమ్మదిగా నడుచుగాక" అని చదివిందామె.

నా పుస్తకంలో ఉన్నది: "నీ కాళ్ళు పడిపోను, ఎద్దులు తోల్తాండావా, పెండ్లికి పోతాండావా?"

"ఇదెవరమ్మా మాట్లాడేది? మా అమ్మనా, పాస్టరయ్యనా?" అన్నాను.

ఆమె కళ్ళజోడు తీసి తుడుచుకుంది. "మా సంపాదకుడు అన్నాడు. ఇంతగా తిట్టే స్త్రీని మా పాఠకులు ప్రేమించలేరట. కరువు నేల, మౌనంగా భరించే తల్లి. అట్లాగైతే ప్రేమిస్తారట."

"మౌనంగానా? మా జిల్లాలో అట్లాంటి తల్లిని ఆయన యాడ చూసినాడంట?"

అంతటితో అయిందా? మిగిలిన తిట్లకు కింద చిన్న అక్షరాల్లో వివరణలు కూడా పెట్టింది. ఈ ప్రాంతపు జనం కష్టాల వల్ల ఇలా మాట్లాడతారు, పాఠకులు అపార్థం చేసుకోరాదు అని. మా అమ్మ తరఫున క్షమాపణ అడగడానికి ఈమె ఎవరు? నాకు ఒళ్ళు మండింది. ఈ పుస్తకానికి నా అనుమతి లేదు, సంతకం పెట్టను, వెళ్ళి వేరే ఎవరిదైనా మౌనతల్లిని వెతుక్కోండి అన్నాను.

ఆమె ఏడవలేదు. తిన్న ప్లేటు తీసుకెళ్ళి కడిగి, బోర్లించి వచ్చి కూర్చుంది. "నాకు వయసైపోయింది. తెలుగు పుస్తకం కావాలని అక్కడ ఇంకెవరూ అడగరు. మీరు వద్దంటే ఇది నా సొరుగులో ఉండిపోతుంది. నేనూ వంటల పుస్తకాలు చేసిన మనిషిగానే మిగిలిపోతాను" అంది. తడి చేతులు తుడుచుకుంటూ, "మీ అమ్మ తిట్లు నాకు అర్థమవుతాయి. కానీ ఇటాలియన్‌లో నాకు తిట్టడం రాదు" అంది.

"మీకు రాకపోతే ఇంకెవరికొస్తుంది?"

"మా అమ్మకు వచ్చేది" అని మేడెక్కి వెళ్ళిపోయింది.

మా ఇద్దరి మధ్యా మాటలు లేకుండా కొన్నాళ్ళు గడిచాయి. ఇంతలో తొలకరి పడింది. నర్సు వాళ్ళమ్మ ఫోను చేసింది. "మ్మే, రేపు కొర్రలు ఇత్తుతాండాము. ఆ దొరసానిని పిల్చకరా. మా పాపకు తెలుగు మాట్లాడే తోడయింది, నేను మొగం సూడొద్దా?" అని. పెద్దావిడ అడిగాక కాదనలేము. ఆర్టీసీ బస్సులో ఒకరి పక్కన ఒకరం కూర్చుని, చెరొక కిటికీ చూస్తూ కోడుమూరుకు వెళ్ళాము.

ఇప్పుడందరూ ట్రాక్టరుతోనే విత్తుతారు. వాళ్ళది చిన్న ముక్క, ట్రాక్టరు వాడు రావాలంటే బతిమాలాలి. అందుకని ఇంకా ఎద్దులే, కర్ర గొర్రే. గొర్రు మీద చెక్క గిన్నె ఒకటుంటుంది, జడ్డిగం అంటారు. ఆడమనిషి వెనక నడుస్తూ పిడికిట్లోంచి అందులోకి విత్తనం వదులుతూ ఉంటే, అది గొట్టాల గుండా సాళ్ళలోకి దిగుతుంది. ఎద్దు ఒక తీరున నడవదు. నేల ఒక తీరున ఉండదు. చెయ్యి మాత్రం ఒక తీరున వదలాలి. మా అమ్మ దానికి నోటిని వాడుకునేది. తిట్టు ఒక లయలో సాగుతుంటే వేళ్ళు దాని వెంట కదిలేవి. ఎద్దు తొందరపడితే తిట్టు తొందరపడేది, విత్తనమూ తొందరపడేది. నోరు ఆగితే చెయ్యి తడబడేది. ఇదంతా నా నవలలో రాశాను. దాన్ని దొరసాని "ఆమె ఏదో గొణుగుతూ విత్తింది" అని మార్చింది. నా కోపం ఊరికే వచ్చింది కాదు.

నర్సు తమ్ముడు ఎద్దులు తోలుతున్నాడు. పెద్దావిడ రెండు సాళ్ళు వేసి, కొర్రల సంచి దొరసాని నడుముకు కట్టింది. "నీ చెయ్యి గూడా పడనీ."

ఆమె ఎంతో శ్రద్ధగా, పెదవులు బిగించి వదిలింది. ఒకచోట కుప్ప, ఒకచోట బోడి.

"ఓ దొరసానీ! ఇత్తనం ఏస్తాండావా, కోళ్ళకు మేత ఏస్తాండావా?" అంది పెద్దావిడ.

"క్షమించండి."

"చమించేది దేవుడు. నువ్వు నోరు తెర్సు. చెయ్యి దానెంబడి అదే వస్తాది. తిట్టు."

"ఎవరిని?"

"ముందర పోతాండాడు సూడు, వాణ్ణి. నా కొడుకే, వానికి అలవాటే."

"ఏమ్మా, నువ్వు తిట్టేది సాల్లేదని పరాయి దేశమోల్లతో గూడా తిట్టిస్తాండావా?" అన్నాడు అతను వెనక్కి చూడకుండా.

దొరసాని గొంతు సవరించుకుంది. "ఓ... దురదృష్టవంతుడా" అని మొదలుపెట్టింది. పెద్దావిడ నా వైపు చూసింది. నేను ఆకాశం వైపు చూశాను.

అప్పుడే ఒక ఎద్దు ఆగి, మళ్ళీ చటుక్కున లాగింది. దొరసాని కాలు రాయికి కొట్టుకుంది. ఆమె నోట్లోంచి ఏదో వచ్చింది. నేను రోజూ విన్న ఇటాలియన్ కాదది. గొంతు అడుగునుంచి వస్తోంది, మాటల చివర్లు తెగిపోతున్నాయి, ఒకదాని మీద ఒకటి ఎక్కుతున్నాయి. ఒకసారి మొదలయ్యాక ఆగలేదు. ఎద్దును అయింది, రాయిని అయింది, ఎద్దు తోలేవాడిని అయింది, ఆ తర్వాత ఎవరిని అందుకుందో ఆమెకే తెలియాలి. చేను కొసదాకా తిడుతూనే పోయింది. నేను ఆమె చేతినే చూస్తున్నాను. వేళ్ళు కదులుతున్నాయి, విత్తనం సన్నగా, తెగకుండా పడుతోంది.

కొసన ఎద్దులు ఆగాయి. నర్సు తమ్ముడు తలపాగా విప్పి మొహం తుడుచుకున్నాడు. "యేమనిందో తెల్దు గానీ, శానా గట్టిగా తగిలింది" అన్నాడు.

"ఆ, ఇప్పుడయినావు మనిషివి!" అని పెద్దావిడ దొరసాని వీపు మీద చరిచింది.

ఆమె మొహం కందిపోయి ఉంది. నా దగ్గరికి వచ్చి, తప్పు చేసిన పిల్లలా మెల్లగా చెప్పింది: "ఇది ఇటాలియన్ కాదు. మా ఊరి మాట. బడికి పోయాక ఎప్పుడూ మాట్లాడలేదు."

"ఇదే రాయక్కా" అన్నాను. అంతవరకూ ఆమెను మీరు, మీరు అంటూ ఉన్నదాన్ని.

"అచ్చు వేయరు."

"అది వాళ్ళ పని. రాసేది నీ పని. రాస్తే నేను సంతకం పెడతా."

ఆ వానాకాలమంతా ఆమె మా మేడ మీద అటూ ఇటూ తిరుగుతూ రాసింది. రాయడమంటే ముందు అరవడం, తర్వాత రాయడం. పక్కింటావిడ గోడ మీద నుంచి "మీ ఇంట్లో ఎవరో కొట్లాడుకుంటాండారు, పోయి సూడండి" అని నాకు చెప్పేది. కింద చిన్న అక్షరాల వివరణలన్నీ కొట్టేసింది. సంపాదకుడికి పంపితే, పల్లె యాసలో ఉన్నది తాము వేయమని జవాబొచ్చింది.

మెత్తని మనిషి, ఇక్కడితో లొంగిపోతుందనుకున్నాను. ఆమె నా ముందే ఆయనకు ఫోను చేసింది. మొదట ఇస్త్రీ భాషలోనే మాట్లాడింది, అది నాకు తెలుస్తూనే ఉంది. ఆయన ఏదో అన్నాడు. ఈమె లేచి నిలబడింది. అంతే, కొర్రచేలో విన్న గొంతు మా వంటింట్లో లేచింది. తర్వాత ఫోనులోంచి ఒక పెద్ద నవ్వు నాకే వినబడింది.

"ఏమన్నాడు?"

"ఇట్లా ఉంటుందని ముందే ఎందుకు చెప్పలేదు, ఇట్లాగైతే వేస్తాను అన్నాడు. ఇంతవరకూ ఆయన కొత్త ప్రతి చదవలేదట."

చదవకుండానే వద్దనే సంపాదకులు మన దగ్గరే ఉంటారని ఇన్నాళ్ళూ అనుకునేదాన్ని.

పుస్తకం వచ్చింది. ఒక్క మాటా మెత్తబడలేదు, ఒక్క క్షమాపణా లేదు. అక్కడ దాన్ని జనం కొంటున్నారు, రెండోసారి అచ్చు వేశారు. ఆమె పాత నవలలు చదవనివాళ్ళు కూడా ఇప్పుడు ఆమె పేరు మీద పుస్తకాలు అడుగుతున్నారట. ఈ ఏడు ప్రతులు మోసుకుని మళ్ళీ వచ్చింది. ఒక ఆదివారం ఆరాధన అయ్యాక, కోడుమూరు పక్క ఆ పల్లెలో, చర్చి ముందర షామియానా కింద నిలబడి చదివింది. ముందర పెద్దావిడ, పల్లె ఆడవాళ్ళంతా. ఇటాలియన్ ఒక్క ముక్క రాదు ఎవరికీ.

"ఇది ఎద్దును" అంది పెద్దావిడ కాసేపు విని. నా తెలుగు పుస్తకంలో అదే చోటు చూసుకున్నాను, ఎద్దునే. "ఇది మొగుణ్ణి." మొగుణ్ణే. "ఇది... వాననా?" వాననే! ఎప్పుడో పోయిన మా అమ్మ, సముద్రం దాటి వెళ్ళి, నోరు ఏమాత్రం తగ్గకుండా తిరిగొచ్చి మా ముందర నిలబడింది. ఎవరైనా దీన్ని అదృష్టం అంటే నేను మళ్ళీ లేచి నిలబడతాను.

ఆ తర్వాత ఒక మాట చదివింది. ఒకే ఒక్క మాట, పొట్టిది. అర్థం తెలియకుండానే ఆడవాళ్ళంతా ఒక్కసారి గొల్లుమన్నారు. పాస్టరయ్య లోపలికి వెళ్ళిపోయాడు. దొరసాని చెవులు ఎర్రబడ్డాయి.

నా పుస్తకంలో ఆ చోటు వెతికాను. గొర్రు విరిగిన రోజు అది. "అప్పుడు మా అమ్మ ఒక మాట అనింది, అది రాయను" అని మాత్రమే ఉంది. ఎంత నోరున్నదాన్నయినా ఆ మాట అచ్చులో పెట్టడానికి నాకు చెయ్యి రాలేదు. మరి నేను రాయని మాటను ఈమె ఎలా మార్చింది?

తిరిగొచ్చే బస్సులో అడిగాను. "అక్కడ ఏం పెట్టినావక్కా?"

"మా అమ్మ మాట."

"అంటే ఏమని?"

"ముందు మీ అమ్మ ఏమనిందో చెప్పు" అని కిటికీ వైపు తిరిగి నవ్వుకుంది.

నేను చెప్పను. ఆమె చెప్పదు. ఇటాలియన్ పంతులు ఒకాయనకు ఆ పేజీ ఫొటో తీసి పంపితే, అది తన నిఘంటువులో లేదన్నాడు. సంపాదకుడికి కూడా తెలియదట, అయినా అచ్చు వేశాడు. గోధుమ చేలో ఎండకు నిలబడి, ఆ కొండ ఊరి తల్లి అంత పొట్టిగా, అంత పదునుగా అన్నది ఏమై ఉంటుంది?