నేను చెప్పని తర్జుమా

ఇది సామాన్యమైన సంగతి కాదు. చావు, పగ, మొగుడూ పెళ్లాల మధ్య మౌనయుద్ధం, ఈ లోకం నుంచి ఆ లోకానికి నడిచిన మాటలు, అన్నీ ఇందులో ఉన్నాయి. గుండె గట్టిగా లేనివాళ్లు ఇక్కడే ఆపేయవచ్చు.

ఇలా మొదలుపెట్టి రెండుసార్లు రాసి, రెండుసార్లూ చించేశాను. ఉన్నమాట చెప్పాలంటే ఇందులో ఉన్నది ఒక బ్లాక్ అండ్ వైట్ టీవీ, ఒక చాప, ఒక ముసలామె. వేళ ఆదివారం పొద్దున తొమ్మిదిన్నర. భయపడటానికి అంతకంటే పనికిమాలిన వేళ ఉండదు.

దయ్యాలంటే నాకు ఏనాడూ నమ్మకం లేదు. మా ఫ్యాక్టరీ స్టోరు రూములో రాత్రిపూట ఎవరో తిరుగుతున్నారని నైట్ షిఫ్టువాళ్లు చెప్పినప్పుడు, ఓవర్‌టైం అడక్కుండా పనిచేసే మనిషి మన దగ్గర అతనొక్కడేనన్నమాట అన్నాను. ఆ తర్వాత నాకు ఎవరూ అలాంటివి చెప్పలేదు. అసలు ఏదైనా చెప్పడమే తగ్గించేశారు.

కె.ఆర్.పురంలో పాత మద్రాసు రోడ్డుకు కాస్త లోపలగా ఒక వఠారం ఉంది. వరసగా మూడు గుమ్మాలు, అందరికీ ఒకే వాకిలి, ఒకే కొళాయి, పైన మిద్దె. మధ్య గుమ్మం నాది. అమ్మా నాన్నా అన్నతో చందాపురలో ఉంటారు. అన్నకు పని అక్కడ, నాకు పని ఇక్కడ. ఒంటరిగా ఉన్నవాడికి తోడుగా ఉంటుందని ఒక టీవీ కొనుక్కున్నాను. చెక్క తలుపులున్న టీవీ. తలుపులు మూస్తే బీరువాలా ఉంటుంది, తీస్తే అందులోంచి మనుషులు మాట్లాడతారు. మనం మాట్లాడితే మాత్రం వినరు. ఆ సుగుణం కోసమే కొన్నానని అందరితో చెప్పేవాణ్ణి. నిజానికి పని నుంచి వచ్చి తలుపు తీశాక ఇంట్లో ఒక గొంతు వినిపించాలి. అందుకే కొన్నాను.

ఎడమవైపు గుమ్మంలో నంజమ్మవ్వ ఒక్కతే ఉండేది. అరవై దాటిన మనిషి. ఆమె భర్త మగ్గం నేసేవాడట. నేను ఆ వఠారానికి రాకముందే పోయాడు. ఆయన్ని నేను చూడలేదు, ఫొటో కూడా ఆమె గోడకు లేదు. ఈ ముక్క గుర్తుంచుకోండి.

ఆదివారం పొద్దున అవ్వ చాప చంకలో పెట్టుకుని వచ్చేది. టీవీ ఉన్న ఇంటికి లేనివాళ్లు రావడం అందరిళ్లలోనూ ఉన్నదే. కన్నడ కార్యక్రమమైతే నాకు పని ఉండదు, అవ్వకు కన్నడం నాకంటే బాగా వచ్చు. చిక్కల్లా తొమ్మిదిన్నరకు వచ్చే హిందీ సీరియల్‌తోనే. ఒక ఉమ్మడి కుటుంబం, అందులో ఒక తాత, ఒక నానమ్మ, లెక్కలేనంత మంది కోడళ్లు. వాళ్లు మాట్లాడేది అవ్వకు నేను తెలుగులో చెప్పాలి.

నాకు హిందీ రాదు. బళ్లో హిందీ పరీక్ష నేను పాసవలేదు, వాళ్లే నన్ను పాస్ చేశారు. ప్రసారం ఆగినప్పుడు తెర మీద పెట్టే అట్ట ఒకటుంది కదా, అంతరాయానికి చింతిస్తున్నామని, నాకు పూర్తిగా అర్థమయ్యే హిందీ వాక్యం అదొక్కటే. కానీ మొదటి ఆదివారం అవ్వ "ఏం జెప్తా ఉండాడప్పా ఆ ముసలాయన?" అని అడిగినప్పుడు తెలీదనడానికి నోరు రాలేదు. నోటికొచ్చింది చెప్పాను. అవ్వ నవ్వింది. ఆ వారంలో నా మాటకు నవ్విన మనిషి ఆమె ఒక్కతే. దాంతో అదే అలవాటైపోయింది.

అలా ఆరేడు నెలలు ఆ కుటుంబానికి నేను సొంతంగా కథ నడిపాను. కోడళ్లతో ఎసట్లో ఉప్పు రెండుసార్లు వేయించాను. ఆస్తి తగాదా లాంటి చోట మేక తప్పిపోయిందన్నాను. తెర మీద అందరూ ఏడుస్తుంటే మేక దొరికిందని ఆనందబాష్పాలన్నాను. అవ్వ అన్నీ నమ్మేది.

ఒక ఆదివారం తెర మీద తాత నానమ్మను ఏదో పేరుతో పిలిచాడు. నా ఒళ్లో బొరుగుల పళ్లెం ఉంది. చేతిలో ఉన్నదే నోటికీ వచ్చింది. "ఏమే బొరుగులమ్మీ, ఇట్ల రా అంటా ఉండాడవ్వా" అన్నాను.

అవ్వ నవ్వలేదు. చాప మీద కొంచెం ముందుకు జరిగి తెరనే చూసింది. సీరియల్ అయ్యాక అడిగింది.

"ఆ పేరు నీకెవురు చెప్పినారప్పా?"

"ఏ పేరవ్వా?"

"బొరుగులమ్మి. నేను వాగతానే ఉంటానని, పెనం మీద బొరుగులు పేలినట్ల ఉంటాదని, మా ఇంటాయన నన్నట్ల పిలిచేది. ఇంట్లో తలుపేసినాకనే. ఇంకెవురికీ తెలీదు."

పళ్లెం చూపించాను. ఇదవ్వా కారణం, ఉప్మా తింటూ ఉంటే ఉప్మామ్మీ అనేవాణ్ణి అన్నాను. ఆమె పళ్లెం వైపు చూసి, ఊరికే తలూపి వెళ్లిపోయింది. నేనూ సరిపెట్టుకున్నాను. మరునాడు మాత్రం ప్రకాశ్‌ని అడిగాను. ప్రకాశ్ నా పక్క బెంచీలో పనిచేస్తాడు, రెండేళ్లు జబల్‌పూర్‌లో ట్రైనింగ్ అయ్యాడు, హిందీ బాగా వచ్చు, అదే సీరియల్ వాళ్లింట్లో చూస్తాడు. తాత ఏమని పిలిచాడురా అంటే, పేరూ లేదు గీరూ లేదు, నెయ్యి డబ్బా ఎక్కడ పెట్టావని అరిచాడంతే అన్నాడు.

రెండు వారాల తర్వాత తాత మంచం మీద గోడవైపు తిరిగి పడుకున్నాడు. నానమ్మ బతిమాలుతోంది. ఈసారి ఒళ్లో పళ్లెం లేదు. నేను ఆవులిస్తూ చెప్పాను. "రేడియో తీసుకుపోయి నీ తమ్ముడికి ఇస్తివి, ఇంక నాతో మాట్లాడొద్దు అంటా ఉండాడు." రేడియో ఎందుకు వచ్చిందో నాకు తెలియదు. ముందు వారం మేకను వాడేశాను కాబట్టి ఇంకేదైనా కావలసి వచ్చింది.

అవ్వ చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. సీరియల్ ఇంకా నడుస్తుండగానే జరిగినదంతా చెప్పింది.

ఆమె భర్తకు రేడియో ప్రాణం. మగ్గం పక్కనే పెట్టుకుని వింటూ నేసేవాడు. ఒకసారి ఆమె తమ్ముడు ఊరికి పోతూ అడిగితే, భర్త ఇంట్లో లేనప్పుడు ఇచ్చేసింది. తమ్ముడు తిరిగి తేలేదు. భర్త అరవలేదు, కొట్టలేదు, మాట్లాడటం మానేశాడు. పదకొండు నెలలు. అన్నం పెడితే తినేవాడు, నీళ్లిస్తే తాగేవాడు, మాట మాత్రం లేదు. ఒక మధ్యాహ్నం గడప మీద కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు.

"కోపంతోనే పోయినాడో ఏమో," అంది అవ్వ. "అది తెలీక నాకు ముద్ద దిగేది లేదప్పా. వచ్చే వారం ఆయన్ని అడుగు. నా మీద కోపం పోయిందా లేదా అని."

"అవ్వా, అది టీవీ. మనం అడిగేది దానికి వినపడదు."

"నేనడిగితే వినపడదు. నువ్వడుగు. నీకు ఆ భాష వచ్చునే."

ఆ క్షణంలో చెప్పాల్సింది. అవ్వా, నాకు హిందీ ముక్క రాదు, ఇన్నాళ్లూ చెప్పిందంతా నా తలలోంచి పుట్టిందే అని. చెప్పలేదు. చెబితే అవ్వ బాధపడుతుందని అనుకున్నాను. ఇంకా నిజం చెప్పాలంటే, చెబితే వచ్చే ఆదివారం చాప రాదు.

వారమంతా ఆలోచించి ఒక అబద్ధం తయారుచేశాను. "నాకు నీ మీద కోపం లేదు. వేళకు తిను. మందులు మానొద్దు." చదివి చూసుకుంటే డాక్టరు చీటీలా ఉంది. అయినా నా చేతనైంది అంతే. ధైర్యానికి ప్రకాశ్‌ని కూడా రమ్మన్నాను. వాడికి విషయమంతా చెప్పి, నవ్వితే ఇంటికి పంపేస్తానన్నాను. ఆ అబద్ధం ఏమిటో మాత్రం వాడికీ చెప్పలేదు.

ఆ ఆదివారం అవ్వ తలంటి పోసుకుని, ఉతికిన చీర కట్టుకుని వచ్చింది. సీరియల్ మొదలైన రెండు నిమిషాలకు గాలి వీచింది. బొమ్మ పోయింది. తెరంతా చీమలు, బుస్సుమని శబ్దం.

తర్వాత జరిగింది జరిగినట్టు చెబుతాను. శబ్దం పూర్తిగా తగ్గించింది నేనే, నా చేత్తోనే. ప్రకాశ్ యాంటెనా తిప్పడానికి మిద్దె ఎక్కాడు. నేను వాకిట్లోకి వచ్చి మెడ ఎత్తి నిలబడ్డాను. వాడు పైనుంచి "వచ్చిందా?" అంటాడు, నేను గుమ్మంలోంచి తెర వైపు తొంగిచూసి "రాలేదు" అంటాను. టీవీ ఉన్న ప్రతి ఇంటివాళ్లకూ తెలిసిన సంభాషణే. ఐదారు నిమిషాలు అదే నడిచింది. తొంగిచూసిన ప్రతిసారీ తెర మీద చీమలే. అవ్వ వీపు నాకు కనబడుతూనే ఉంది. నా కుర్చీ తలుపు చాటున ఉంటుంది, గుమ్మంలోంచి కనబడదు.

బొమ్మ రాలేదు. ఇక లాభం లేదని లోపలికి వెళ్లాను. అవ్వ చాప చుట్టేస్తోంది. కళ్లు తడిగా ఉన్నాయి, ముఖం మాత్రం తేటగా ఉంది.

"అప్పుడే చాప చుట్టేస్తివేమవ్వా? సీరియల్ ఇంకా ఉండాది."

"చాలప్పా. మూడో దినమే పోయిండెనంట కోపం." చాప చంకలో పెట్టుకుంది. "ఆ తర్వాత మాట ఎట్ల మొదలుపెట్టాలో తెలీక ఉండిపోయినాడంట. ఈ పొద్దు మాట్లాడదాం, రేపు మాట్లాడదాం అనుకుంటానే పదకొండు నెల్లు. పిచ్చి మనిషి."

"ఎవరు చెప్పినారవ్వా ఇదంతా?"

అవ్వ నన్ను వింతగా చూసింది. "ఇంకెవురు చెప్తారు? ఆ కుర్చీలో కూర్చోని నువ్వేగదప్పా చెప్తివి."

నేను తయారుచేసుకున్న డాక్టరు చీటీలో ఈ ముక్క ఒక్కటీ లేదు. వారమంతా ఆలోచించినా నాకు తట్టిన మాట కాదు అది. తట్టే మాటా కాదు. మూడో రోజే కోపం పోయి, మాట ఎలా మొదలుపెట్టాలో తెలియక మనిషి అలా ఉండిపోతాడని ఇరవై నాలుగేళ్ల నాకు అప్పటికి తెలియదు.

ముసలామె ఊహించుకుందని అనుకున్నాను. ఇప్పటికీ అలా అనుకుని నిద్రపోయేవాణ్ణే. కానీ ప్రకాశ్ మిద్దె దిగి చేతులు దులుపుకుంటూ నన్నే తిట్టాడు.

"టీవీ వచ్చినాక కూడా రాలేదు రాలేదంటావేమిరా? లోపల మాట వినిపిస్తా ఉంటే."

"ఏం మాట?"

"అదెవరికి తెలుసు. ఎవరో మగమనిషి నిదానంగా మాట్లాడతా ఉండాడు. తెలుగే. నీ గొంతే అనుకున్నా. కానీ నువ్వు వాకిట్లో నోరు తెరుచుకోని నన్నే చూస్తా ఉండావు."

కాఫీ పెడతానన్నాను. వద్దని వెళ్లిపోయాడు.

నా పద్ధతిలో నేను విచారణ చేశాను. కుడివైపు గుమ్మంవాళ్లు పెళ్లికి కోలారు వెళ్లారు, తాళం వేసి ఉంది. వీధిలో రేడియో ఏదైనా మోగిందా అని వాకబు చేశాను, లేదన్నారు. టీవీ వెనక మూత విప్పి కూడా చూశాను. ఏం దొరుకుతుందనుకున్నానో నాకే తెలియదు. దుమ్ము దొరికింది. పోనీ నేనే తెలియకుండా లోపలికి వెళ్లి మాట్లాడి వచ్చానా అంటే, ప్రకాశ్ నన్ను పైనుంచి చూస్తూనే ఉన్నాడు. గొంతు విన్నవాళ్లు ఇద్దరు. అందులో ఒకరికి అది నాదే, రెండోవాడికి నాది కావడానికి వీల్లేదు.

మరుసటి ఆదివారం చాప రాలేదు. పది నిమిషాలు ఆగి పిలుద్దామని వెళ్తే అవ్వ గుడ్డల మూట కడుతోంది. తమ్ముడి ఊరికి పోతోందట, ఇక అక్కడే ఉంటుందట. రేడియో గొడవ నాటి నుంచి ఆమె కూడా తమ్ముడితో మాట్లాడలేదని అప్పుడు చెప్పింది.

"ఆయనకే మూడు దినాల్లో పోతే, నాకెందుకప్పా ఇన్నేండ్లు?" అంది.

మూట బస్సు దాకా మోసుకెళ్లాను. కిటికీ పక్కన కూర్చున్నాక నా చెయ్యి పట్టుకుని, "సుమ్నే, ఊరికే ఆ పెట్టె ముందరే ఉండిపోవద్దప్పా. మనుషులతో మాట్లాడు," అంది. సరేనన్నాను. నాకు హిందీ రాదని అప్పుడైనా చెబుదామనుకున్నాను. ఎలా మొదలుపెట్టాలో తెలియలేదు. బస్సు కదిలింది.

ఇది జరిగి ఏడాది దాటింది. ఆ తర్వాత కొన్ని వారాలు సీరియల్ వస్తుంటే పైకే తర్జుమా చెప్పేవాణ్ణి, ఖాళీ నేలకు. కోడళ్లు, మేక, అన్నీ. మధ్యలో ఆగి చూసేవాణ్ణి. ఒకటి రెండుసార్లు కుర్చీలోంచి లేచి వాకిట్లోకి వెళ్లి నిలబడ్డాను, లోపల ఎవరైనా మాట్లాడతారేమోనని. నన్ను చూసి నవ్వుకోండి, నేనైతే నవ్వేవాణ్ణే. ఎవరూ మాట్లాడలేదు. ఆ రోజు మాట్లాడింది ఎవరో నాకు తెలియదు. తెలుసుకునే దారి కూడా కనబడటం లేదు.

అవ్వ ఉన్న గదిలోకి టైపింగ్ ఇన్‌స్టిట్యూట్ వచ్చింది. పొద్దున బ్యాచ్ ఆరున్నరకు. ఆ టకటకలకే నాకు మెలకువ.