ఊపిరి బిగబట్టే సిస్టర్

మయూర్ విహార్‌లో మా పై ఫ్లాట్‌లో ఒక నర్సు ఉండేది. అందరం సిస్టర్ అనే పిలిచేవాళ్లం. ఎవరు నీళ్లలో తల ముంచినా ఆవిడ ఊపిరి బిగబట్టేది, వాళ్లు తేలేదాకా వదిలేది కాదు. చిన్నప్పుడు ఊళ్లో కాలువలో తమ్ముడు మునిగిపోతే ఒడ్డున ఉన్నది తనేనట.

భయం పోవాలంటే నీళ్ల దగ్గరికే వెళ్లాలని వాదించి, ఒక ఆదివారం ఆవిడను గురుగ్రామ్ దాటాక ఆరావళి కొండల్లోని ఒక లోయకు తీసుకెళ్లాను. చుట్టూ ఎండిన రాళ్లు, ముళ్ల తుమ్మలు. అడుగున మాత్రం పచ్చటి మడుగు.

మాతో వచ్చిన మా అమ్మాయి దూకింది. సిస్టర్ పెదవులు బిగుసుకున్నాయి.

"అరే ఆంటీ, రిలాక్స్!" అంటూ అది తేలింది. ఆవిడ ఊపిరి వదిలింది. అది మళ్లీ మునిగింది, ఆవిడ మళ్లీ బిగబట్టింది.

"వార్డులో అందరికీ ఊపిరి పీల్చమని చెప్పేది మీరే కదండీ! ఇదేం చాదస్తం?" అన్నాను, అమ్మాయి తేలాక.

"నా ఊపిరి నా ఇష్టం. మీ దగ్గర అద్దెకేం తీసుకోలేదుగా?" అంది.

సాయంత్రం మా అమ్మాయి తల తుడుచుకుని కారెక్కింది. మడుగులో ఇంకెవరూ లేరు, అలలు కూడా ఆగిపోయాయి. సిస్టర్ మాత్రం ఒడ్డునే నిలబడి ఉంది, పెదవులు బిగించి, ముఖమంతా కందిపోయి.

"అందరూ వచ్చేశారు కదండీ, వదలండి!" అని భుజం పట్టి కుదిపాను.

ఆవిడ నీళ్లమీంచి చూపు తిప్పకుండా, ఆగమన్నట్టు చెయ్యెత్తింది.

ప్రతి మాటకీ ఎదురు చెప్పే నేను ఆవిడ పక్కనే నిలబడ్డాను. నవ్వుకుంటారేమో గానీ, ఎవరైనా తేలతారేమోనని నేనూ చూశాను.