పాలకి ఏసీ గది

మా మేనత్త పాలల్లో నీళ్లు కలిపిందని పాల సెంటర్లో పదిమంది ముందు అన్నారు. ఆ మాట తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

పెళ్లై వచ్చిన కొత్తలో అత్త ఆవు దగ్గరికి వెళ్లాలంటేనే వణికేదట. మామయ్య నడుం దెబ్బతిని మంచం పట్టాక ఆవులన్నీ ఆమె చేతి కిందికే వచ్చాయి. ఇరుకు సందులో ఇల్లు, ఇంటి వెనక రేకుల షెడ్డు. పొద్దున్నే పేడ ఎత్తి, పొదుగులు కడిగి, పాలు పిండి, క్యాన్ సైకిల్‌కి కట్టుకుని సెంటర్‌కి పోయేది. ఆవులతో ఆమె కబుర్లు వింటూ మామయ్య మంచం మీంచే ఉడుక్కునేవాడు.

"నన్నెప్పుడైనా అంత ముద్దుగా పిలిచావటే?"

"నువ్వెప్పుడైనా పాలిచ్చావా?" అనేది అత్త.

ఆ ఏడాది ఎండలు నిప్పులు చెరిగాయి. రాత్రిళ్లు కూడా రేకుల వేడి దిగేది కాదు. ఆవులు పడుకోవడం మానేశాయి. నాలుకలు బయటపెట్టి రొప్పుతూ, చొంగ కారుస్తూ నిలబడే ఉండేవి. దాణా పెడితే మూతి తిప్పేసుకునేవి. అత్త గోనె సంచులు తడిపి వాటి వీపుల మీద కప్పేది, ఆరిపోగానే మళ్లీ తడిపేది. అయినా పాలు సగానికి పడిపోయాయి. వచ్చిన ఆ కాసినీ పల్చబడ్డాయి.

సెంటర్లో మేనేజరు పాల చిక్కదనం కొలిచే మీటర్ చూసి పెదవి విరిచాడు.

"ఏమ్మా, బోరు నీళ్లా, కుళాయి నీళ్లా?"

వరసలో వాళ్లు ఫక్కున నవ్వారు.

"చుక్క కలపలేదు సార్. ఎండకి ఆవులు మేత ముట్టట్లేదు."

"కథలు చెప్పకు," అని క్యానెడు పాలూ కాలవలో గుమ్మరించాడు. సాయంత్రానికల్లా సందులో పిల్లలు కూడా అత్తని 'నీళ్లక్క' అనడం మొదలుపెట్టారు. ఆ రాత్రి ఆమె అన్నం ముట్టలేదు.

రెండు రోజులు తిరక్కుండానే చూడి ఆవు కూలబడింది. పశువుల డాక్టరమ్మ వచ్చి చూసింది. కడుపులో దూడ చచ్చిపోయిందని, వేడే కారణమని చెప్పింది. పాలు పల్చబడేదీ అందుకేనట. తను వెళ్లిన ప్రతి షెడ్డులోనూ ఇదే గోలట.

"మరి ఆ మేనేజరుకి తెలీదా అమ్మా?" అని అడిగింది అత్త.

డాక్టరమ్మ ఇబ్బందిగా చూసింది. "తెలుసు. పోయిన వారమే నేను చెప్పాను."

అత్త అంతవరకూ ఏడ్చింది. ఆ మాట వినగానే కళ్లు తుడుచుకుని లేచింది.

మర్నాడు పాలు పోసే వేళకి ఒక ఆవుని తోలుకుని సెంటర్‌కి వెళ్లింది. పాల ట్యాంకు ఉన్న ఏసీ గది తలుపు తోసి, ఆవుని లోపలికి నడిపించింది. చల్లగాలి తగలగానే అది కళ్లు మూసుకుని, తళతళలాడే టైల్స్ మీద తీరిగ్గా పేడ వేసింది. మేనేజరు గంతులేశాడు.

"బయటికి తోలు! అది పాల గది!"

"పాలకి ఏసీ పెట్టారు, పాలిచ్చేదానికి నీడైనా ఇవ్వరా? ఎండకి పాలు పల్చబడతాయని డాక్టరమ్మ నీకు చెప్పిందా, లేదా? అందరూ వింటున్నారు, చెప్పు."

మేనేజరు ఆవుని బయటికి నెట్టబోయాడు.

"తెలిసి నన్ను దొంగని చేశావు!" అంది అత్త.

వరసలో ఒక పెద్దాయన తన క్యాన్ వెనక్కి లాక్కున్నాడు. "నా పాలూ పల్చబడ్డాయి. ఎక్కడ పారబోస్తాడోనని నోరు మూసుకున్నా." ఇంకొకరు, ఆ వెనక ఇంకొకరు క్యాన్లు తీసేసుకున్నారు. ఆ పూట ట్యాంకు ఖాళీగానే ఉండిపోయింది.

ఆ తర్వాత పారబోయడం ఆగింది. సెంటర్ వాళ్లే షెడ్లకి ఫ్యాన్లు, నీడ వలలు ఇచ్చారు. అవి ఇచ్చే రోజు ఫొటోలో మేనేజరే ముందు నిలబడ్డాడు. క్షమించమని మాత్రం అనలేదు. మొదటి రోజు నవ్విన వాళ్లలో ఒకాయన వచ్చి, రేకుల మీద గడ్డి కప్పుతానన్నాడు.

"ఆరోజు పళ్లన్నీ బయటపెట్టావుగా," అంది అత్త, నిచ్చెన అతని వైపు తోస్తూ. "ఎక్కు."