మాట్లాడే లూడో, మా తాత కుర్చీ

చూపులేని మనిషి ముందు దొంగాట ఆడటం తేలికని మీలో ఎవరైనా అనుకుంటుంటే, ఒక ఆదివారం సైదాబాద్‌లోని మా ఇంటికి రండి. నేనూ అలా అనుకున్నవాణ్ణే. అప్పుడే ఉద్యోగంలో చేరాను. జీతం వస్తోంది, బుద్ధి ఇంకా రావలసి ఉంది. ఆ రోజుల్లో నేను వెలగబెట్టిన ఘనకార్యం వల్ల నాన్న, బాబాయి, నేను, ముగ్గురం కలిసి ఒక ప్లాస్టిక్ డబ్బా చేతిలో పరువు పోగొట్టుకున్నాం.

ముందు కుర్చీ సంగతి చెప్పాలి. తాత వాడిన టేకు చేతుల కుర్చీ ఒకటి మా హాల్లో ఉంది. ఆదివారం కార్వాన్ నుంచి బాబాయి పాల వ్యాపారం ముగించుకుని వస్తాడు. భోజనాలయ్యాక లూడో పరుస్తాం. గెలిచినవాళ్లు మాత్రమే వారమంతా ఆ కుర్చీలో కూర్చోవాలి. చాయ్ అక్కడికే వస్తుంది. ఇది తాత పెట్టిన రూలు. ఒకసారి గెలవకుండానే అందులో కూలబడ్డ నాన్నను, ఎదురుగా చుట్టాలున్నారని కూడా చూడకుండా అమ్మ లేపేసింది.

ఆ కుర్చీలో ఒక్కసారి కూడా కూర్చోని మనిషి మా సులోచనత్త. నాన్నకు అక్క. చిన్నప్పుడే చూపు పోయింది. ఒక ఆఫీసులో టెలిఫోన్ ఆపరేటరుగా పనిచేసి రిటైరై మాతోనే ఉంటోంది. మేం లూడో ఆడుతుంటే గిన్నెలో పాచిక గిలకొట్టి వేయడం ఆమె పని. ఎవరు గెలిచినా ముందు చప్పట్లు కొట్టేది ఆమే. అత్తకు ఆట చాలు, గెలుపుతో పనిలేదని మేమంతా హాయిగా నమ్మేశాం. కానీ ఒకరోజు, ఎవరూ లేరనుకుని, ఆమె ఆ కుర్చీ చేతుల్ని తడుముతూ నిలబడి ఉండటం చూశాను. కూర్చోలేదు. తడిమి వెళ్లిపోయింది. నాకు చాలా బాధేసింది.

అందుకే మాట్లాడే లూడో కొన్నాను. వేలికి తగిలేలా గళ్ల చుట్టూ గట్లున్నాయి. ఒక్కో రంగు కాయకు ఒక్కో ఆకారంలో తల. బోర్డుకు తగిలించిన ప్లాస్టిక్ డబ్బా, మీట నొక్కితే పాచిక అంకె పలుకుతుంది, ఏ కాయ ఎక్కడుందో చెబుతుంది. తెలుగూ వచ్చు, కాకపోతే రేడియోలో వార్తలు చదివే తెలుగు. అత్త ఆ బోర్డు మీద నుంచి సాయంత్రం దాకా చేతులు తీయలేదు. చివరికి, "ఈ ఐతారం నేను గూడ ఆటల కూసుంట" అంది.

నేను ఇక్కడితో ఆగి ఉంటే మంచివాణ్ణి అనిపించుకునేవాణ్ణి. కానీ నాలో దయ పుట్టింది. అత్తను ఎలాగైనా గెలిపించాలని నాన్నకూ బాబాయికీ విడివిడిగా చెప్పాను. చచ్చిన కాయ మళ్లీ మొదటి నుంచి బయల్దేరాలి కదా, కాబట్టి అత్త కాయల్ని ఎవరూ చంపొద్దు. పక్కవాడి కాయ చంపితే తప్ప అన్నం అరగని మా బాబాయి కూడా అక్క కోసమని ఒప్పుకున్నాడు.

ఆట మొదలైంది. అత్తది ఆకుపచ్చ, నాది ఎరుపు, నాన్నది పసుపు, బాబాయిది నీలం. కాసేపటికి నాకు మూడు పడింది. సరిగ్గా మూడు గళ్ల అవతల అత్త కాయ. నేను దర్జాగా ఇంకో కాయ జరిపి నాన్నకు కన్ను కొట్టాను. వెంటనే డబ్బా నోరు విప్పింది.

"ఎరుపు ఆటగాడు, ఆకుపచ్చ కాయను చంపే అవకాశాన్ని వదులుకున్నారు."

బోర్డు మీద జరిగిందే కాదు, జరగవలసి ఉండీ జరగనిది కూడా చెప్పడం దాని ఉద్యోగమట. ఆ ముక్క దానితో వచ్చిన పుస్తకంలో రాసే ఉంది. చదవాల్సిన మహానుభావుణ్ణి నేనే.

"చూసుకోలే అత్తా" అన్నాను.

"కండ్లున్నోనివి, నువ్వే చూసుకోకుంటె ఎట్లరా శీనూ" అంది అత్త మామూలుగానే.

తర్వాత వంతు పసుపు ఆటగాడిది. డబ్బా మాట వినబడకుండా నాన్న గట్టిగా దగ్గాడు. దగ్గు అయిపోయింది గానీ డబ్బా వాక్యం అయిపోలేదు. బాబాయి తన వంతుకు ముందుజాగ్రత్తగా దిండు తెచ్చి దాని మూతికి అడ్డం పెట్టాడు. దిండు వెనక నుంచి కూడా నీలం ఆటగాడి త్యాగం చక్కగా వినిపించింది. అత్త మామూలుగానే తన వంతుకు మీట నొక్కింది. మేం తప్పించుకున్నామనే అనుకున్నాం.

చివరికి అత్త కాయలన్నీ పండాయి. "ఆకుపచ్చ గెలిచింది" అంటూ డబ్బా సన్నాయి మొదలుపెట్టింది. బాబాయి అత్త చెయ్యి పట్టుకుని కుర్చీ దగ్గరికి తీసుకెళ్లాడు. ఆమె చేతులు కుర్చీ చేతుల మీద పడ్డాయి. ఆ సన్నాయి చెవులు చిల్లులు పొడుస్తుంటే, ఆపుదామని మూలనున్న మీట నొక్కాను. అది నోరు మూయించే మీట కాదు. ఆట మొత్తాన్ని మొదటి నుంచి మళ్లీ చెప్పించే మీట. మేం ముగ్గురం వదులుకున్న అవకాశాల్ని ఒక్కటీ పొల్లుపోకుండా వల్లించింది. ఏం జరుగుతోందోనని అమ్మ వంటింట్లోంచి వచ్చి మరీ విన్నది.

అత్త కుర్చీ మీద నుంచి చేతులు తీసేసింది.

"నేను కూసుంటున్ననా, మీరు కూసోపెడుతున్నరా?" అంది. "ఇన్నేండ్లు పాచిక ఏశిన. ఎన్నడన్న ఒగని దిక్కు చూసి ఏశిన్నా? ఓడగొడితె ఓడిపోత. గీ ఇడిసిపెట్టుడు మాత్రం నాకొద్దు. మల్ల పెట్టుండ్రి ఆట."

నా జన్మలో అంత సిగ్గుపడింది లేదు. తలెత్తకుండానే కాయలు సర్దాను.

ఈసారి బాబాయి మొదట్లోనే అత్త కాయను చంపాడు. అత్త మొహం వెలిగిపోయింది. "ఆ, గిట్ల ఆడాలె" అంది. నేనూ ఒకటి చంపాను. నవ్వింది. ఆ తర్వాత నవ్వడానికి మాకు అవకాశం ఇవ్వలేదు. ఏళ్ల తరబడి పాచిక వేస్తూ మా ఆట విన్న మనిషి. నాన్న ఎప్పుడు భయపడతాడో, బాబాయి ఎక్కడ తొందరపడతాడో, నేను ఒకే కాయను పట్టుకుని ఎలా పరుగెడతానో ఆమెకు కంఠతా వచ్చు. మా ముగ్గుర్నీ ఊచకోత కోసింది. నా ఆఖరి కాయ ఇంటి గడప దాకా వచ్చేసింది. అత్త మీట నొక్కింది. డబ్బా "ఐదు" అంది. ఆమె వేళ్లతో గళ్లు తడుముకుంటూ వచ్చి, నా కాయను తీసి, నా అరచేతిలో పెట్టింది.

"ఇగో శీనూ, నీ కాయ. మల్ల మొదటికెళ్లి తోల్కరా."

ఇంకాసేపటికి అత్త కాయలన్నీ పండి, మళ్లీ సన్నాయి మోగింది. ఈసారి ఎవరూ ఆపలేదు. అత్త చెయ్యి కూడా ఎవరూ పట్టుకోలేదు. తనే నడిచి వెళ్లి, తాత కుర్చీలో వెనక్కి వాలి కూర్చుని, చాయ్ అక్కడికే తెమ్మని అమ్మకు చెప్పింది. నాన్న కళ్లు తుడుచుకోవడం అందరం చూసీ చూడనట్టు ఊరుకున్నాం. నాకైతే నేనే గెలిచినంత సంబరంగా ఉంది.

ఆ సంబరంలో నేను కుర్చీ ముందు నిలబడి, కుడిచెయ్యి చాచి గంభీరంగా ప్రమాణం చేశాను. ఇకమీదట ఈ జన్మలో నేను ఎవరికీ, ఎంత ప్రేమ ఉన్నా, గెలుపు దానం చేయను.

అత్త చాయ్ ఒక గుక్క తాగి, కప్పు దించి అంది:

"దానం చెయ్యనీకి ముందుగాల నీ కాడ ఒకటుండాలె గద బిడ్డా."