నీలం చొక్కా

గల్ఫ్ దేశంలో, బ్నీద్ అల్ గార్‌లోని ఫొటో దుకాణంలో పనిచేసే మునాఫ్, కెమెరా పక్కన మేకుకు నీలం చొక్కా ఒకటి ఉతికి తగిలించి ఉంచుతాడు. ఇఖామా, అంటే నివాస అనుమతి, లేనివాళ్ళు జరిమానా కట్టకుండా దేశం విడిచి పోవచ్చని ప్రభుత్వం గడువు ఇచ్చినప్పటినుంచి, పాస్‌పోర్టుకు బదులుగా ఇచ్చే ఔట్‌పాస్ ఫొటో కోసం జనం పని బట్టల్లోనే పరుగెత్తుకొస్తున్నారు. సిమెంటు మరకలతో వచ్చినా, గొర్రెల మంద దగ్గర్నుంచి వచ్చినా మునాఫ్ ఆ చొక్కానే తొడిగిస్తాడు. వదులైతే వీపు వెనక గుడ్డ కూడదీసి క్లిప్పు పెడతాడు. "గడ్డం పైకెత్తన్నా, నవ్వొద్దు," అంటాడు. పనిలో పెట్టుకున్న ఏ యజమాని, ఏ కఫీల్ దగ్గర్నుంచి పారిపోయొచ్చావని మాత్రం ఎవర్నీ అడగడు.

గడువు చివరి రోజు ఫొటో తీయించుకున్న గంగులయ్య చొక్కా విప్పి ఇస్తే, మునాఫ్ దాన్ని మేకుకు తగిలించలేదు. తానే తొడుక్కుని స్టూలు మీద కూర్చున్నాడు.

"వెనక క్లిప్పు పెట్టి, ఆ బటన్ నొక్కు గంగులన్నా."

గంగులయ్య నోరెళ్ళబెట్టాడు. "నీకు ఇఖామా ఉండాదనుకుంటిమే భాయ్!"

"ఖలాసై ఆరేండ్లాయ," అన్నాడు మునాఫ్, గడ్డం పైకెత్తి. "ముందర్నుంచి చూసేటోళ్ళకు క్లిప్పు యాడ కనపడ్తాదన్నా?"