కల్లం మీదుగా వాడరేవుకు

రెండు వేల దశకం మధ్యలో, నేను విజయవాడ దగ్గర విమానం నడపడం నేర్చుకుంటున్నప్పుడు, మా శిక్షణ విమానానికి కొత్తగా జీపీఎస్ బిగించారు. చిన్న తెర, పక్కన తిప్పే నాబ్‌లు. వెళ్లాల్సిన చోట్లన్నీ వరుసగా ఎక్కిస్తే ఒకదాని తర్వాత ఒకటి దారి చూపించేది. ఆ వరుసే ఫ్లైట్ ప్లాన్. దాని జాబితాలో లేని చోటుకు మనమే పేరు పెట్టుకోవచ్చు, ఐదు ఇంగ్లీషు అక్షరాలకు మించకుండా. నేను ఒక అక్షరం మింగి 'కల్లం' అని పెట్టుకున్నాను.

అది పొన్నూరుకు పడమరగా మా నాన్న మిరపకాయలు ఆరబోసే చోటు. మొదటిసారి ఒంటరిగా అటు ఎగరబోతున్నానని ఫోన్ చేస్తే ఆయనకు దిగులు పట్టుకుంది.

"ఒరే, ఎన్నింటికొస్తావో చెప్పు. కాయ మీద పట్టా కప్పుకోవాలి."

"అంత కిందికి రాను నాన్నా."

"నువ్వు రావు. నీ గాలొస్తుందిగా."

చివరికి ఎర్రటి కాయల మధ్య ఒక నీలం పట్టా పరిచి ఉంచాడు, నాకు గుర్తుగా. పైనుంచి అగ్గిపెట్టెంత కనిపించింది. పొన్నూరు, కల్లం, వాడరేవు, వెనక్కి. ఆ ప్లాన్‌ను జీపీఎస్‌లో దాచుకున్నాను.

రెండు వారాలకు పరీక్ష వచ్చింది. బయటకు చూడకుండా పరికరాలను బట్టే నడపగలనని పరీక్షకుడు సంతకం చేస్తే, నెలాఖరులోగా ఒక ఉద్యోగానికి దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఆయన మళ్లీ వచ్చేది పై నెలలోనే. కనుక ఆ సంతకం ఆ రోజే కావాలి.

ఆయన ఇచ్చిన దారి పొన్నూరు నుంచి నేరుగా సముద్రం ఒడ్డునున్న వాడరేవు. కాగితం మీద దిక్కులు, దూరాలు శుభ్రంగా రాసుకున్నాను. జీపీఎస్‌లో మాత్రం కొత్తగా ఎక్కించే ఓపిక లేక పాత ప్లాన్‌ను పైకి తీశాను. మధ్యలో ఒక చోటు అదనంగా ఉందన్న సంగతి నా బుర్రలో లేదు. బుర్రలో చోటు ఎప్పుడూ తక్కువే.

బయట కనిపించకుండా నుదుటికి అట్ట తొడుక్కున్నాను. పొన్నూరు దాటగానే జీపీఎస్ దారి చూపే సూది పడమటికి తిరిగింది. నేనూ తిరిగాను. రాసుకున్న కాగితం నా తొడ మీదే ఉంది.

కొంతసేపటికి పక్క సీట్లోంచి పరీక్షకుడు నెమ్మదిగా అడిగాడు.

"ఏమండీ, సముద్రం ఎటుంటుంది మీకు?"

"తూర్పునండీ."

"మరి మనం?"

అప్పుడు కాగితం చూశాను. ఆయన తెర మీద వేలు పెట్టాడు.

"ఇదేం ఊరండీ?"

"ఊరు కాదండీ. మా కల్లం."

"అలాగా. ఎర్రగా కనిపిస్తోంది లెండి. కాయ బాగానే ఎండినట్టుంది."

కళ్లకు గంతలు కట్టుకుని కూడా నేను ఇంటికే వెళ్లగలనని ఆ రోజు రుజువైంది. కల్లాన్ని ప్లాన్‌లోంచి తీసేసి, వాడరేవు వైపు తిప్పి, తిరుగు దారిలో రన్‌వే దాకా మలుపు మలుపుగా దింపే దారిని జీపీఎస్‌లో ఎంచుకున్నాను. దాన్ని ఎక్కించి వదిలేస్తే పాత దారే చూపిస్తుంది, అమలు చెయ్యమని మళ్లీ చెప్పాలి. చెప్పాను. ఈసారి ప్రతి మలుపునూ కాగితంతో సరిచూసుకుని రన్‌వేకు తిన్నగా దించాను.

విమానం ఆగాక ఆయన ఫారం మీద రాస్తూ అన్నాడు: "దిగడం బాగుందండీ. వెళ్లడం మళ్లీ చూడాలి. తప్పుదారి పట్టినందుకు కాదు. తొడ మీద కాగితం పెట్టుకుని ఒక్కసారి చూడలేదు మీరు."

సంతకం పెట్టాల్సిన చోట అడ్డగీత గీశాడు. ఆ నెల దరఖాస్తు అక్కడితో సరి.

సాయంత్రం నాన్నకు ఫోన్ చేశాను, ఎలా చెప్పాలా అనుకుంటూ. ఆయనే ముందు అందుకున్నాడు.

"ఏరా, చెప్పకుండా వచ్చావే ఇవాళ? పట్టా కూడా వెయ్యలేదు. మరి ఎట్టా కనుక్కున్నావు?"

"పరికరం చూపించింది నాన్నా."

"మంచి పరికరంరా. చెరిపెయ్యబాక."

పొద్దునే చెరిపేశానని చెప్పలేదు. పరీక్ష పై నెలకు పడిందని మాత్రం చెప్పాను.