భుయ్యాడీహ్‌లో నీలి షర్బత్

ఎదురుగా దీపం వెలుగుతోంది. దాని సాక్షిగా చెబుతున్నాను, ఈ యాత్రలో ఒక్క అక్షరం కూడా నా కల్పన కాదు.

జంషెడ్‌పూర్ భుయ్యాడీహ్‌లో ఉండే మా అక్క ఫోన్ చేసింది. బావకి కాంట్రాక్టు పని ఈ నెలతో ఆఖరట. ఇంటి ముందు షర్బత్ బండి పెడతానంది. "మీ కంచె మీది శంఖుపూలు ఎండబెట్టి, ఇత్తులు కూడా అట్టుకొచ్చీరా తమ్ముడూ. బండి నడవకపోతే బావ మళ్లీ ఊళ్లట్టుకు తిరగాల."

పలాసలో సాయంత్రం రైలెక్కాను. పూరీకూర తింటుంటే, ఎదురు బెర్తు పెద్దాయన నా సంచిలోకి తొంగిచూశాడు. జంషెడ్‌పూర్‌లోనే బాగ్‌బేరా రైల్వే క్వార్టర్ల మనిషి.

"ఇయేటి బాబూ?"

"అబద్ధం వింటే రంగు మారే పూలండీ."

"అయితే మీరు మాటాడకండి, పాడైపోతాయి," అని అటు తిరిగి పడుకున్నాడు.

ఉదయం ఏడింటికి జంషెడ్‌పూర్ స్టేషన్ టాటానగర్‌లో దిగి, షేర్ ఆటోలో అక్క ఇంటికి చేరాను.

శంఖుపువ్వు గింజకి పెంకు గట్టి. కాస్త గీరి, రాత్రంతా నానబెడితేనే తొందరగా మొలుస్తుంది. ఈ ముక్క చెప్పి స్నానానికి వెళ్లానో లేదో, బయట గ్రైండరు మోగింది. ఏళ్ల తరబడి ఇనుము అరగదీసిన బావ, గింజల్ని రేకు మీద పరిచి చక్రం ఆడించేశాడు. మిగిలింది బూడిదరంగు పిండి.

"గీరమన్నావు, గీరీసినాను," అన్నాడు.

"ఇనపకడ్డీ అనుకున్నావేటి?" అని అక్క తల పట్టుకుంది.

సంచి మూలల్లో దొరికిన గుప్పెడు గింజల్ని అక్కే గరుకు గచ్చు మీద రుద్ది నానబెట్టింది. మర్నాడు ఎండ తగిలే కంచె పక్కన నాటాం. పప్పుజాతి తీగ, ఎరువు అడగదు, పాకడానికి వెదురుపుల్ల చాలు. రెండు నెలల్లో పూస్తుంది. పొద్దున్నే కోసి నీడన ఆరబెట్టుకోవాలి.

మధ్యాహ్నం నేను తెచ్చిన పూలు వేడినీళ్లలో వేసి, పంచదార కలిపి చల్లార్చి బండి పెట్టాం. డ్యూటీ చొక్కాతో ఒకాయన ఆగి గ్లాసు చూశాడు.

"కపడేవాలా నీల్ హై క్యా?" బట్టలకి పెట్టే నీలిమందా అని అడుగుతున్నాడు.

"దేఖియే చాచా!" చూడమంటూ మేనకోడలు గౌరి నిమ్మచెక్క పిండింది. నీలం కాస్తా ఊదా అయింది. ఆయన గ్లాసు ఖాళీ చేసి మూతి తుడుచుకున్నాడు. అంతే, సువర్ణరేఖ నది దాకా వరుస కట్టారు జనం! లారీలు ఆగిపోయాయి.

ఇది తిరుగు రైల్లో, బెర్తు దీపం వెలుగులో రాస్తున్నాను. ఆ ఊరి మీద నా అభిప్రాయం ఒక్కటే: కొత్తదాన్ని ముందు అనుమానిస్తారు, తర్వాత తాగుతారు. వెళ్లేవాళ్లు గింజలు గ్రైండరు కంటపడకుండా దాచుకుని వెళ్లండి.

సరే, ఒప్పుకుంటాను. ఆ వరుస నా కల్పన. ఆ రోజు వచ్చింది ముగ్గురే, మిగతాది మేమే తాగాం. కానీ ఇవాళ నేను ఆటో ఎక్కేసరికి, ఆ నీలిమందా అని అడిగినాయన తన షిఫ్టువాళ్లని వెంటేసుకుని బండి దగ్గర నిలబడ్డాడు.

"ఎల్లొత్తానక్కా!" అని అరిచాను.

అక్క తల కూడా ఎత్తలేదు. "ఎల్లురా, ఎల్లు! నిమ్మకాయలు అయిపోతన్నాయిక్కడ!"